లోటాడు నీళ్లు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాస్తానని అడిగినప్పుడు ఆమె పెట్టిన షరతు ఒకటే. "నా పేరు, ఊరి పేరు వద్దు. నీళ్ల సంగతి మాత్రం రాయి తల్లీ." అందుకే ఇందులో పేర్లు లేవు. ఊరు పత్తికొండ వైపు ఒక పల్లె అని మాత్రం చెప్తాను. ఎవరో పోల్చుకునే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. రోగం, చికిత్స, ఆమె మాటలు మార్చలేదు.

నేను కర్నూలులో ఒక ఆసుపత్రి క్యాన్సర్ విభాగంలో కౌన్సెలర్‌ని. నా గది కీమో ఎక్కించే డే కేర్ వార్డు పక్కనే. డాక్టర్లు నా దగ్గరికి పంపేది ఎక్కువగా రెండు రకాల మనుషుల్ని: ఏడుపు ఆగనివాళ్లు, వైద్యం వద్దనేవాళ్లు. ఈమె రెండో రకం. చీటీలో ఇలా ఉంది: "56 ఏళ్లు. ఎడమ రొమ్ము క్యాన్సర్, మూడో దశ. కీమో వద్దంటున్నారు. ఆరు నెలల కింద భర్త మృతి. డిప్రెషన్?" ఆ చివరి ప్రశ్నార్థకం వెంటపడి నేను నెలన్నర పోగొట్టుకున్నాను.

ముందు జరిగింది

భర్తకు ఇరవై ఏళ్ల నుంచి షుగర్. అది మెల్లగా కిడ్నీల మీద పడింది. నాలుగేళ్ల రెండు నెలలు డయాలిసిస్ చేయించుకున్నాడు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. ఆమె తెల్లవారుజామున మూడున్నరకు లేచేది. ఆయనకు మొహం కడిగించి, చొక్కా వేసి, తువ్వాల్లో రొట్టె కట్టుకుని నాలుగుంపావు బస్సు ఎక్కించేది. కర్నూలు చేరాక మిషను మీద నాలుగు గంటలు. తిరిగి ఇల్లు చేరేసరికి చీకటి పడేది. మర్నాడంతా ఆయన పడుకునే ఉండేవాడు. ఆ మర్నాటి నుంచి మళ్లీ కాళ్లకు నీరు దిగడం మొదలు.

డయాలిసిస్‌కు డబ్బు కట్టలేదు, ఆరోగ్యశ్రీ ఉంది. (పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా మా ఓపీలో అందరి నోటా ఆరోగ్యశ్రీయే.) డయాలిసిస్ వాళ్లకిచ్చే రూ.10,000 పింఛనూ వచ్చేది. కానీ రోగం అక్కడిదాకా రాకముందే రెండెకరాల నల్లరేగడి అమ్మేశారు. ఆమె కూలికి పోవడం మానేసింది. కొడుకు బెంగుళూరులో డ్రైవరు, కోడలు అక్కడే గార్మెంట్స్‌లో. కూతురిని బళ్లారి వైపు ఇచ్చారు. పల్లెలో వీళ్లిద్దరే.

ఐదో తరగతి చదివిన మనిషి. నాలుగేళ్లలో ఎనిమిది నోటు పుస్తకాలు నింపింది. రోజూ బరువు, బీపీ, పోసిన మూత్రం, తాగిన నీళ్లు. కిడ్నీ రోగికి నీళ్ల లెక్క ఎంత గట్టిదో బయటివాళ్లకు తెలియదు. నిన్న పోసిన మూత్రం ఎంతో, దానికి ఇంకో అర లీటరు కలిపితే ఈరోజు తాగదగినది. అందులోనే టీ, మజ్జిగ, సాంబారు, మాత్ర మింగే గుక్కెడు అన్నీ. మూత్రం తగ్గేకొద్దీ ఆ వాటా తగ్గుతుంది. చివరి ఏడాది ఆయన వాటా రోజుకు 700 మిల్లీలీటర్లు. అంటే ఆమె ఇంటి స్టీలు లోటాతో ఏడు లోటాలు. ఎండాకాలం 42 డిగ్రీలు దాటే జిల్లాలో.

గడ్డ సంగతి ఆమెకు రోగం తేలడానికి పద్నాలుగు నెలల ముందే తెలుసు. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది, చింతగింజంత. నొప్పి లేదు. రొమ్ము క్యాన్సర్‌లో మోసం అక్కడే ఉంది, మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. వారానికి రెండు రోజులు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న మనిషి, నాలుగు గదుల అవతల ఉన్న ఓపీలో చూపించుకోలేదు. ఎందుకంటే:

"చూపిచ్చుకుంటే టెస్టులంటారు. టెస్టులంటే ఆ పూట ఆయప్పని యెవరు చూస్తారు?"

భర్త మే నెలలో పోయాడు. ఏడాది లోపు కాబట్టి ఆ దీపావళి లేదు. కూతురు ఊరికే చూసిపోదామని వచ్చి, అమ్మకు తలంటుతూ గడ్డను చూసింది. అప్పటికి నిమ్మకాయను దాటింది. మామోగ్రామ్, ముక్క తీసి పరీక్ష, స్కానింగులు అయ్యాయి. ఐదున్నర సెంటీమీటర్లు, చంకలో గ్రంథులకు పాకింది, ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. హార్మోన్ పాజిటివ్, అంటే ఒంట్లోని హార్మోన్ల ఊతంతో పెరిగే రకం. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, తర్వాత కరెంటు పెట్టడం (రేడియేషన్‌ను మా దగ్గర అట్లే అంటారు), ఆపైన ఏళ్ల తరబడి మాత్ర. ఇంకా నయం చేయగల దశే అని డాక్టరు స్పష్టంగా చెప్పాడు. ఆమె విని, "సరే సార్, వద్దులే" అంది.

మొదటి భేటీలు, నా తప్పు

గదిలోకి ఆమెకంటే ముందు కొడుకు వచ్చాడు. "క్యాన్సరని అమ్మకు చెప్పొద్దు మేడం. గడ్డ అనండి చాలు." ఈ మాట నేను వారానికి మూడు సార్లు వింటాను. ఒకప్పుడు రోగికి తెలుసుకునే హక్కుందని వాదించేదాన్ని. ఇప్పుడు వాదించను. "ఆమెకు ఏం తెలుసో ముందు నన్ను అడగనియ్యి, నేనుగా ఏమీ బయటపెట్టను" అంటాను. సాధారణంగా ఒప్పుకుంటారు.

అడిగాను. "మీకు ఏమని చెప్పినారమ్మా?"

"ఏం చెప్పలేదు. బయట బోర్డు మీద రాసుండాది గదా."

కొడుకు తల వంచుకున్నాడు. దాపరికం అక్కడికి తీరిపోయింది.

ఆమె ఏడవలేదు. మనసులో బాధ ఎంతుందో సున్నా నుంచి పది దాకా గీసిన థర్మామీటరు బొమ్మ మీద చూపించమంటే రెండు మీద వేలు పెట్టింది. నాలుగు, ఆపైన వస్తేనే మేం ఎక్కువ పట్టించుకుంటాం. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కు 11 వచ్చింది, అంటే మధ్యస్థం. అందులో సగం మార్కులు నిద్ర, ఆకలి, నీరసానివే. మంగళవారం, శుక్రవారం ఇప్పటికీ మూడున్నరకు మెలకువ వస్తుందని చెప్పింది. నేను దాన్ని "అలవాటు" అని రాసుకున్నాను.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. "చచ్చిపోవల్లని లేదు. వస్తే అడ్డం చెప్పను" అంది. ఇలాంటి జవాబును దాటి పోకూడదు. ఎప్పుడైనా ప్రయత్నించారా, ఎలా అని అనుకున్నారా, ఇంట్లో పురుగుల మందు ఉందా అని ఒక్కొక్కటీ అడిగాను. పొలమే లేదు కాబట్టి మందు డబ్బాలూ లేవు. అలాంటి ఉద్దేశం కనబడలేదు. అయినా ఆమెను ఒంటరిగా ఉంచొద్దని కోడలికి చెప్పి, మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416 ఆ అమ్మాయి ఫోనులో ఎక్కించాను.

ఇక నా లెక్క ఇలా సాగింది. భర్త పోయిన దుఃఖం, దాని మీద డిప్రెషన్. డబ్బు భయం: ఆయన పోయిన నెలే పదివేలు ఆగిపోయాయి, ఇప్పుడొచ్చేది వితంతు పింఛను రూ.4,000. పైగా తనకు చేసేవాళ్లెవరన్న దిగులు. నాలుగేళ్లు ఒక మనిషిని మోసిన మనిషికి, ఆ బరువు తన కోడలి మీద పెట్టడం ఇష్టం లేదు. ఇవన్నీ నిజాలే. అందుకే తేలిగ్గా నమ్మాను. కాగితం తీసి ప్లాను గీశాను. కీమో ఏ తేదీల్లో, ఆ రోజుల్లో ఎవరు వస్తారు, కర్నూలులో ఎక్కడ ఉంటారు, బస్సు ఖర్చెంత. ప్రతిదానికీ తల ఊపింది. ఒక్కదానికీ ఔననలేదు.

రెండో భేటీలో అన్నాను: "నాలుగేళ్లు ఆయన్ని కంటికి రెప్పలా చూసుకున్నారు. ఎవరు చేస్తారమ్మా అంత సేవ? మరి మిమ్మల్ని మీరు చూసుకోవద్దా?"

ఆమె లేచి కొంగు సర్దుకుంది. "బస్సుకు టైమాయె మేడం." అప్పుడు ఉదయం పదకొండు. ఆమె బస్సు సాయంత్రం ఐదుకు.

తర్వాత మూడు వారాలు రాలేదు. నేను చెప్పిందాంట్లో తప్పేముందో నాకు అర్థం కాలేదు. మెచ్చుకోలు వింటే మనిషి మెత్తబడతాడని మాకు పాఠంగా చెప్తారు. మెచ్చుకోలు ఏ పుండు మీద పడుతుందో చూసుకోమని ఎవరూ చెప్పలేదు.

చివరికి వచ్చింది, కొడుకు అన్నం మానేసినాడని. "వానికోసం పెట్టిచ్చుకుంటాలే" అంది. డిసెంబరు మధ్యలో మొదటి కీమో ఎక్కింది. ఫైల్లో నేను "సుముఖత మెరుగుపడింది" అని రాశాను. ఆ వాక్యం ఇప్పుడు చూస్తే నాకే సిగ్గేస్తుంది.

నీళ్లు

మొదటి దఫా మందులు రెండు. ఒకటి మన వార్డుల్లో "ఎర్ర మందు" అనే డాక్సోరుబిసిన్, రెండోది సైక్లోఫాస్ఫమైడ్. ఈ రెండోది మూత్రాశయాన్ని రేపుతుంది. అందుకే ఎక్కించిన రోజు, తర్వాతి రెండు రోజులు బాగా నీళ్లు తాగి, మూత్రం ఆపుకోకుండా పోస్తుండాలి. నర్సు ఈ మాట ప్రతి ఒక్కరికీ చెప్తుంది, ఈమెకూ చెప్పింది.

పదో రోజు పొద్దున ఒళ్లు కాలిపోతుంటే తీసుకొచ్చారు. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. కీమోలో ఉన్నవాళ్లకు జ్వరం 100.4 దాటితే పగలూ రాత్రీ చూడకుండా ఆసుపత్రికి రావాలి. అది ఎమర్జెన్సీ. ఈమెకు రాత్రి పన్నెండుకే 101 ఉంది. థర్మామీటరు పెట్టి చూసుకుంది కూడా, భర్త కోసం కొన్న థర్మామీటరే. చూసి, కడిగి, డబ్బాలో పెట్టి పడుకుంది. కోడలు పక్క మంచంలోనే ఉంది.

"లేపలేదేమమ్మా?"

"పొద్దుగాల లేసి పని చేసే పిల్ల. రాత్రిపూట లేపడమెందుకు?"

భర్తకు 99 ఉన్నా ఆటో మాట్లాడిన మనిషి ఈమె.

ఐదు రోజులు యాంటీబయాటిక్స్ నడిచాయి. అప్పుడు వార్డు నర్సు నాతో ఒక మాట అంది. "మీ పేషెంటు నీళ్లు తాగదు మేడం. మూత్రంలో మంటని ఏడుస్తుంది కానీ తాగదు. బాటిలు పెడితే పక్క బెడ్డు వాళ్లకిస్తుంది." నర్సు విసుగ్గా చెప్పింది, నేను రోగి మొండితనంగా విన్నాను. సాయంత్రం ఊరికే అడిగాను, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారని.

"ఏడు లోటాలు."

ఒక్క క్షణం ఆగి, ఆ అంకె ఎక్కడ విన్నానో గుర్తుకు తెచ్చుకున్నాను. అది ఆయన వాటా.

"ఆయన బతికున్నప్పుడు కూడా మీరూ ఏడేనా?"

"ఆయప్ప ముందర యెట్ల తాగేది? గొంతు దిగుతుందా?" నాలుగేళ్లు ఆమె ఆయనకు కనబడేలా నీళ్లు తాగలేదు. కుండను పక్కింట్లో దాచేది. పొయ్యి దగ్గర గబుక్కున ఒక లోటా తాగి మూతి తుడుచుకుని వచ్చేది. మెల్లగా ఒంటికే దప్పిక తెలియకుండా పోయింది.

అప్పుడు నేను చేసిన మంచి పని ఒక్కటే. నోరు మూసుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె ఆ రాత్రి గురించి చెప్పింది.

మే నెల, సోమవారం రాత్రి. శుక్రవారం డయాలిసిస్ అయ్యాక మంగళవారం దాకా ఉండే ఆ గ్యాపే వారంలో పొడుగైనది, ఆ చివరి రాత్రే భయమైనది. ఆయన బరువు అప్పటికే మూడు కిలోలు పెరిగింది. మధ్యాహ్నానికే ఏడు లోటాలూ అయిపోయాయి. కరెంటు లేదు. సాయంత్రం నుంచి నీళ్లు నీళ్లని ఒకటే పోరు. తడిగుడ్డతో పెదాలు తుడిచింది. నిమ్మచెక్క చప్పరించమని ఇచ్చింది. పదకొండుకు ఆయన అడిగాడు, "ఒక్క లోటాడియ్యే." తెల్లారితే మిషనెక్కుతావు గదా, ఆగు, అంది. తిట్టాడు. ఆమె అటు తిరిగి పడుకుంది.

"మూడున్నరకు లేసినా, బస్సుకని. ఆయప్ప నోరు తెరుచుకొని ఉండె."

నేను అలవాటని రాసుకున్న మూడున్నర అదీ.

"నీళ్లడిగితే ఇయ్యని దాన్ని తల్లీ. పగవానికైనా ఇస్తారు నీళ్లు. ఆ ఉసురే నాకు తగిలింది. చూడు, సరిగ్గా గుండె మీదనే లేసింది." ఎడమ వైపు చెయ్యి పెట్టుకుంది. నన్ను మేడం అనడం ఆరోజుతో మానేసింది.

థర్మామీటరు బొమ్మ మీద రెండు ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఆమెకు క్యాన్సర్ దుర్వార్త కాదు, వేసిన శిక్ష. శిక్ష న్యాయమనుకున్నవాళ్లు గోల పెట్టరు. మేం కీమో అంటే శిక్ష తప్పించుకొమ్మన్నట్టు ఆమెకు వినబడింది. నేను "అంత బాగా చూసుకున్నారు" అన్నప్పుడు ఏం వినబడి ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

వాదన పనిచేయలేదు

ఉసురు అన్న మాటను మూఢనమ్మకం అని కొట్టేసే తొందర మా వృత్తిలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. ఆ మాటను అట్లా పక్కన పెడితే ఆ మనిషితో ఇంకేం మాట్లాడాలో నాకు తెలియలేదు. అయినా ఒకసారి వాదించాను, ఒప్పుకుంటాను. ఆపుకోలేకపోయాను.

"గడ్డ ఆయన పోకముందు ఎనిమిది నెలల కిందే వచ్చింది గదమ్మా. ఆ రాత్రి ఉసురైతే ముందెట్ల వస్తుంది?"

ఆమె నాకేసి జాలిగా చూసింది. "ఒక్క రాత్రేనా నేను నీళ్లాపింది? నాలుగేండ్లు ఆపితిని."

తర్కం అక్కడితో కట్టిపెట్టాను. వైద్యపరంగా ఆమెకు చెప్పాల్సినదీ ఏమీ లేదు. ఒంట్లో చేరిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి ఎక్కితే మనిషి మునిగిపోయినట్టు ఊపిరాడక పోతాడని నాకంటే ఆమెకే బాగా తెలుసు. రెండేళ్ల కింద ఒకసారి ఆయన దొంగచాటుగా కర్బూజాలు తిని ఐదు కిలోలు పెరిగి, ఆక్సిజన్ మీద చావు తప్పించుకున్నప్పుడు పక్కనున్నది ఆమే. తెలిసినంత మాత్రాన ఆమె బరువు దిగలేదు.

అనుకోకుండా దారి తీసింది డయాలిసిస్ టెక్నీషియన్. నాలుగేళ్లు ఆయనకు సూదులు గుచ్చిన అబ్బాయి. రెండో కీమోకి వచ్చిన రోజు ఆమెను వరండాలో చూసి కూర్చున్నాడు. ఆయన మిషను మీద పడుకుని ఏం మాట్లాడేవాడో కబుర్లు చెప్పాడు. "మా ఇంట్లో రాక్షసి ఉండాది, నీళ్లకు బీగం ఏస్తాది అని మా అందరికీ చెప్పేవాడు పెద్దమ్మా."

ఆమె నవ్వింది. "నీ ముందర రాక్షసి అన్నాడా? నాకు ఇంకా పెద్ద పేర్లుండె." నవ్వు ఆగాక కోపం వచ్చింది. ఆ కోపాన్ని నేను మొదటిసారి చూశాను. పశువుల తొట్టి దగ్గరి కొళాయికి నోరు పెట్టి తాగాడని, చిన్నపిల్లవాడిలా అబద్ధాలాడాడని, కోడలి ముందు తనను పిసినారిని చేశాడని, తన చేతిలో రొట్టె తింటూ తననే తిట్టాడని. గంటసేపు చెప్పింది. మధ్యలో గొంతు ఎండి, నా టేబుల్ మీది సీసా తీసుకుని తాగింది. తాగినట్టు ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

దుఃఖం గురించి స్ట్రోబె, షుట్ అనే ఇద్దరు 1999లో చెప్పిన మాట ఒకటుంది. పోయినవాళ్ల కోసం ఏడవడం, మిగిలిన బతుకు పనులు చూసుకోవడం, ఈ రెంటి మధ్య మనిషి ఊయలలా అటూ ఇటూ ఊగుతుంటేనే తేరుకుంటాడని. బాగుంది. కానీ ఈమె ఊయల కదలడానికే వీల్లేకుండా ఉంది. భర్త మీద కోపం పైకి తెచ్చుకోలేదు, పోయినవాళ్లను తిట్టకూడదు కదా. కోపం లేని చోట తప్పంతా తన మీదకే వచ్చింది. ఆ రోజు తర్వాతే మా పని నిజంగా మొదలైందని నా లెక్క. డిప్రెషన్ మందు అవసరం పడుతుందేమోనని సైకియాట్రిస్టు ఒకసారి చూశారు. కొన్నాళ్లు ఆగి చూద్దామన్నారు, ఆగాం.

నాలుగో భేటీలోనో ఐదో భేటీలోనో ఆమే ఒక సంగతి చెప్పింది. రాత్రి పడుకునే ముందు భర్త ఫోటో ముందు పెద్ద చెంబు నిండా నీళ్లు పెడుతోందట. పొద్దున లేచి ఆ చెంబు తనే తాగేస్తుందట. "ఆయప్ప తాగినంత తాగి ఇడిసినాడు, మిగిలింది నాది." చెంబు సుమారు లీటరు. ఈ చిట్కా నేను చెప్పింది కాదు, నాకు తట్టేదీ కాదు. ఇది మొక్కుబడిలా మారి మళ్లీ ఆమెను కట్టేస్తుందా అని కొంచెం టెన్షన్ పడ్డాను. మా సీనియర్‌ని అడిగాను. "తాగుతోందా లేదా?" అంది ఆవిడ. తాగుతోంది. మిగతా లీటరున్నర పాత స్టీలు లోటాతోనే కొలిచేది. నోటు పుస్తకం తెరిచి తన పేరు రాసుకుంది. ఇదివరకు లెక్క దాటకూడదని రాసేది, ఇప్పుడు లెక్క అందుకోవాలని. రెండో దఫా నుంచి మూత్రంలో మంట రాలేదు.

మిగతా చికిత్స

ఇది త్వరగా చెప్పేస్తాను. మూడు వారాలకొకటి చొప్పున నాలుగు ఎర్ర మందులు, తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు పాక్లిటాక్సెల్. పదిహేడో రోజుకు జుట్టు ఊడటం మొదలైంది. ఊరి మంగలిని పిలిపించి గుండు చేయించుకుంది. "తిరుపతికి పోయొచ్చినావా అంటారు. ఔనంటాను." పాక్లిటాక్సెల్‌తో అరికాళ్లు తిమ్మిర్లు పట్టాయి, అవి ఇంకా పూర్తిగా పోలేదు. ఏడాది కర్మకు ఒక డోసు నాలుగు రోజులు వెనక్కి జరపమని నేనే డాక్టర్ని అడిగాను, జరిపారు. గడ్డ బాగా కరిగింది. జూన్‌లో ఆపరేషన్, తర్వాత మూడు వారాలు కరెంటు.

ఆపరేషన్ తర్వాత చంక పక్కన గొట్టం పెట్టి పంపుతారు, అందులో చేరే నీరు రోజూ కొలిచి రాయాలి. చాలామంది ఇళ్లలో అది చూడటానికే భయపడతారు. ఈమె ఎవరినీ ముట్టనియ్యలేదు. తనే వంచి, కొలిచి, రాసింది. వార్డులో అందరూ భేష్ అన్నారు. నాకు అంత సంతోషం అనిపించలేదు. స్నానం చేయిస్తానని కోడలు వస్తే తలుపు వేసుకుంటోంది, ఒంటిచేత్తో చీర కట్టుకోబోయి కుట్లు లాగించుకుంది. చేయడం వచ్చిన మనిషికి చేయించుకోవడం రాదు. దీనికి నా దగ్గర గొప్ప చికిత్స ఏమీ లేదు. ఒక చిన్న బేరం పెట్టాను. కొలతలు ఆమెవి, వీపు రుద్దడం కోడలిది. "ఆ పిల్ల చేతులు బరువు" అని సణిగింది, ఒప్పుకుంది.

ఆ కోడలు గార్మెంట్స్ పని మానేసి ఎనిమిది నెలలు అత్తతో ఉంది. ముప్పై మూడేళ్లు. ఒకరోజు ఆ అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి అడిగాను, నీ ఒంట్లో ఎట్లుంది అని. ఎవరూ అడగని ప్రశ్న కాబోలు, ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. ముప్పై దాటిన ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోరు క్యాన్సర్ల పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఆ విషయం ఆ అమ్మాయికి తెలియదు. ఇప్పుడు డయాలిసిస్ వరండాలో కూర్చునే ఆడవాళ్లను కూడా ఈ ప్రశ్న అడుగుతున్నాను. టీ తాగడానికి అటు పోయినప్పుడు, రోజుకు ఒకరినో ఇద్దరినో. అది నా డ్యూటీ కాదని ఒకరిద్దరు గుర్తు చేశారు.

కొడుకు

కొడుకుతో మూడుసార్లు మాట్లాడాను. వాడి బాధ వేరు. "పద్నాలుగు నెలలు దాచిపెట్టింది మేడం. నాకు చెప్పుంటే మొదట్లోనే పోయేది గదా. నాయనకు మాత్రం అన్నీ చేసింది, నన్ను మాత్రం పరాయోణ్ని చేసింది." అమ్మకు తలుపు బయటి నుంచే మాత్రలు ఇచ్చి వెళ్లేవాడు కొన్నాళ్లు. వాడి మాటలో నిజం ఉంది. బెంగుళూరులో ఉండి తాను చూసుకోలేదన్న తప్పూ ఆ కోపం కిందే ఉంది. అది వాడితో మెల్లగా మాట్లాడాం. అమ్మ ఎందుకు చెప్పలేదో ఆమెనే అడగమన్నాను. అడిగాడట. "నొప్పి లేకపాయె, అందుకే" అని చెప్పిందట.

అది పూర్తి నిజం కాదు. కరెంటు పెట్టడం పూర్తయిన వారం, చివరి భేటీ అనుకున్నరోజు, ఆమె ఇంకొక సంగతి చెప్పింది. గడ్డ కనబడిన నెలలోనే ఒక రాత్రి భర్తకు చెప్పిందట. ఆయన చీకట్లోనే చెయ్యి పెట్టి చూశాడట. చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత "చూపిద్దాంలే, ఈ వానాకాలం పోనీ" అన్నాడట. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

"ఆయప్పకు భయం తల్లీ. నేను మంచాన పడితే మంగళారం యెవరు తీసుకపోతారని." ఈసారి గొంతులో కోపం లేదు. క్షమాపణా కాదనుకుంటాను. ఒక లెక్క రాసి పక్కన పెట్టినట్టుంది.

ఇప్పుడు ఆమె లెట్రోజోల్ అనే, హార్మోన్‌ను తగ్గించే మాత్ర మీద ఉంది, రోజుకొకటి, కనీసం ఐదేళ్లు. అది ఎముకల్ని గుల్ల చేస్తుంది కాబట్టి వచ్చే నెల చెకప్‌లో ఎముకల సాంద్రత పరీక్ష రాయించాలి. పీహెచ్‌క్యూ-9 ఐదుకు దిగింది. మంగళవారం మూడున్నర మెలకువ పోలేదు. లేచి చెంబు తాగి మళ్లీ పడుకుంటానంది. కొడుకు బెంగుళూరు నుంచి నెలకొకసారి వస్తున్నాడు. ఇంకా అప్పుడప్పుడూ అదే అంటాడట, ఎవరికీ చెప్పకుండా దాచినావు గదా అని. ఆమె ఔనంటుందట. నాయనకు తెలుసన్న మాట వాడికి చెప్పలేదు. చెప్పమని నేనూ అడగలేదు. ఈ రాత ముందు ఆమెకే చదివి వినిపించాను. వాడు ఫోనులో ఇలాంటివి చదివే రకం కాదంది, చదివితే చదవనీలే అంది.